గడిలో పట్టని మాట



ఎందుకు రాస్తావని నన్ను మొట్టమొదట అడిగింది మా ఆశ్రమ పాఠశాలలో వంట చేసే ఆమె. పిల్లలు పడుకున్నాక, లాంతరు ముందు పెట్టుకుని నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉన్నాను. ఆమె గిన్నెలన్నీ బోర్లించి వచ్చి గడప మీద కూర్చుంది. కాసేపు నా చేతి వైపే చూసి, "హాజరు రాసేది పొద్దున అయిపోయె. సరుకుల లెక్క నిన్ననే రాస్తివి. మరి ఇప్పుడు ఎందుకమ్మా రాస్తున్నవు? ఎవరు అడిగిండ్రు?" అంది.

ఎవరూ అడగలేదు. ఆమెకు ఏం చెప్పాలో ఆ రాత్రి నాకు తోచలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ప్రశ్న నాలోనే మెదులుతూ ఉండిపోయింది. ఈవేళ ఆకాశవాణి వాళ్లు "నేను ఎందుకు రాస్తాను" అన్న విషయం మీద మాట్లాడమంటే, ఆమెకు ఇవ్వలేకపోయిన జవాబే ఇక్కడ చెబుదామని వచ్చాను.

నేను ఖమ్మంలో పుట్టి పెరిగాను. ఇరవై రెండేళ్ల వయసులో టీచరు ఉద్యోగం వచ్చి అడవి అంచుకు వెళ్లాను. భద్రాచలం దాటి గోదావరి వెంట ఎగువకు పోతే దుమ్ముగూడెం, పర్ణశాల, ఆ పైన చర్ల వస్తాయి. ఎడమ చేతి వైపు గోదావరి, కుడి చేతి వైపు అడవి. ఆ అడవిలో ఇంకా ముందుకు నడిస్తే ఛత్తీస్‌గఢ్. అప్పటికి ఆ రాష్ట్రం లేదు, అందరూ బస్తరు అనేవాళ్లు. ఆ దారిలోనే ఒక ఊళ్లో మా బడి. పిల్లలంతా కోయ పిల్లలు. నేను వెంట తీసుకెళ్లిన ట్రంకు పెట్టెలో నాలుగు చీరలు, బోధన శిక్షణలో ఇచ్చిన పుస్తకాలు, రెండు కవితల నోటుపుస్తకాలు ఉండేవి. ఆ కవితలు వారపత్రికల్లో చదివినవాటి లాగే ఉండేవి. వెన్నెల ఉండేది, ఒంటరితనం ఉండేది. నేను చూసినది మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అది మా వైపు చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చిన లెక్క. ఆ ఏడు నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా పెద్దవాళ్లు ఆ పాత వరదతోనే పోల్చి చూసుకున్నారు. మేం పిల్లల్ని తీసుకుని మెరక మీదికి పోయాం. నీళ్లు తీశాక వచ్చి చూస్తే నా అద్దె గదిలో మోకాలి లోతు ఒండ్రు. ట్రంకు పెట్టె తెరిచాను. సిరాతో రాసిన కవితలన్నీ కరిగిపోయి కాగితాలు లేత నీలంగా మారాయి. పెన్సిలుతో వేసుకున్న రెండు మూడు చిత్తు ప్రతులు మాత్రం అక్షరం చెదరకుండా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను పెన్సిలుతోనే రాస్తున్నాను. కవితలు పోయినందుకు ఎక్కువ బాధపడలేదని కూడా చెప్పాలి.

ఆ వారంలోనే రెవెన్యూ వాళ్లతో పాటు మా టీచర్లనూ నష్టాల జాబితా రాసే పనికి వేశారు. పెద్ద కాగితం, అందులో గళ్లు. ఇంటి యజమాని పేరు, తండ్రి పేరు, ఇల్లు పూర్తిగా పోయిందా కొంత పోయిందా, ఎద్దులు ఎన్ని, మేకలు ఎన్ని, ధాన్యం ఎంత. బురదలో ఇంటింటికీ తిరిగి రాస్తున్నాం. ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి గుడిసె కొట్టుకుపోయిందని రాశాను, రెండు మేకలని రాశాను. ఇంకేమైనా పోయాయా అవ్వా అని అడిగాను.

"ఆనపకాయ బుర్ర పోయింది" అంది.

నీళ్లు పోసుకునే బుర్ర. కాయ ముదిరాక కోసి, గింజలు తీసి, పొగలో ఆరబెట్టి వాళ్ల అమ్మ చేసి ఇచ్చిందట. పెళ్లయి అత్తగారింటికి వచ్చేటప్పుడు చేత పట్టుకుని వచ్చిందట. పోడుకు పోయినా, తునికాకుకు పోయినా, ఆ బుర్రలో నీళ్లే తాగింది. ఎన్ని కోతలు, ఎన్ని పురుళ్లు చూసిన బుర్ర అది! ఆమె చెబుతూనే ఉంది. నేను వింటూ పెన్సిలు పట్టుకుని గళ్ల వైపు చూస్తున్నాను.

"రాసినవా?" అని అడిగింది.

"అవ్వా, దానికి గడి లేదు" అన్నాను.

ఆమె వంగి నా చేతిలోని కాగితాన్ని చూసింది. అక్షరం రానిది, కాగితం ఎంత పొడుగుందో ఎంత వెడల్పుందో మాత్రం చూసి, "ఇంత పెద్ద కాగితం గదా. బుర్రకు చోటు లేదా?" అంది.

ఆ రాత్రి వరద శిబిరంలో, వాడేసిన హాజరు పట్టీ వెనకవైపు ఆ బుర్ర గురించి రాశాను. పదిహేను వాక్యాలు ఉంటాయేమో. నేను రాసిన వాటిలో నిజంగా నాది అనదగ్గ మొదటి రాత అదే. ఎవరికీ చూపించలేదు. కానీ రాయడం అయ్యాక, వరద మొదలైన దగ్గరి నుంచి పట్టని నిద్ర ఆ రాత్రి పట్టింది.

నాకు అక్షరం వచ్చని తెలిశాక ఊళ్లవాళ్లు అర్జీలకు రావడం మొదలుపెట్టారు. అడవి అంచున కాగితం ఎప్పుడూ పైనుంచి దిగేదే. నోటీసు వచ్చేది, కేసు కాగితం వచ్చేది, షావుకారు ప్రోనోటు వచ్చేది. ఇక్కడి నుంచి పైకి పోయే కాగితం ఒక్కటే, అర్జీ. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో సోమవారం గిరిజన దర్బారు ఉంటుంది. ఆదివారం సాయంత్రానికి నా గది ముందు నలుగురైదుగురు చేరేవాళ్లు. "నమస్కరించి వ్రాయు అర్జీ. అయ్యా, నా మనవి ఏమనగా" అని మొదలుపెట్టేదాన్ని. ఒకాయన ఎద్దు కరెంటు తీగ తగిలి చచ్చిపోయింది. ఆయన చెప్పేది ఏమిటి? దాని పేరు చెబుతాడు. మొదటిసారి నాగలి కట్టిన రోజు అది ఎట్లా మొరాయించిందో చెబుతాడు. వాన మొదలవుతుందని ఆయన కన్నా ముందు దానికి ఎట్లా తెలిసేదో చెబుతాడు. అర్జీకి కావలసినది ఏమిటి? చనిపోయిన తేదీ, పశువుల డాక్టరు ధ్రువపత్రం, సుమారు విలువ. "నాటు ఎద్దు ఒకటి, వయసు సుమారు 6 సంవత్సరములు" అని రాసి చదివి వినిపిస్తే, "పేరు రాయలేదేం?" అనేవాడు.

కొత్తలో నేను ఒక తప్పు చేశాను. ఆయన చెప్పిందంతా నాకు ఎంత నచ్చిందంటే, అంతా అర్జీలోనే పెట్టాను. మూడు పేజీలు వచ్చింది. ఒక కార్యాలయంలో దాన్ని వెనక్కి ఇచ్చి క్లుప్తంగా రాసుకు రమ్మన్నారట. ఆయనకు బస్సు చార్జీలు పోయాయి, ఒక రోజు కూలి పోయింది. నా రాత మీద నాకున్న ముచ్చటకు ఆయన కూలి డబ్బులు పోశాడు. ఆ తర్వాత రెంటినీ కలపలేదు. అర్జీ అర్జీలాగే, అరపేజీలో, పని జరిగేటట్టు రాశాను. మిగిలినది, గడిలో పట్టనిది, రాత్రి నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కల్లం దగ్గరా ఇదే చూశాను. యాభై ఆకులు ఒక కట్ట. ఇల్లాళ్లు తెల్లవారుజామున చీకటితోనే అడవికి పోయి, ఎండ ముదరకముందే ఆకు మోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తెస్తారు. కల్లేదారు లెక్కపెట్టి కార్డులో ఒక అంకె వేస్తాడు. అంకె సరిగా పడటం వాళ్లకు ప్రాణంతో సమానం, అందులో సందేహం లేదు. అంకెలు సరిగా వేయించడానికే నేను చాలాసార్లు అక్కడ నిలబడ్డాను. కానీ ఎలుగుబంటి ఎదురైతే ఇద్దరు వదినా మరదళ్లు బుట్టలు తలల మీద బోర్లించుకుని కదలకుండా కూర్చున్న పొద్దు ఆ అంకెలో ఎక్కడుంది?

ఇక్కడ మా ప్రాంతపు మహానుభావుడిని తలుచుకోకుండా ముందుకు పోలేను. కంచెర్ల గోపన్న, మన భక్త రామదాసు, ఖమ్మం పక్కనే నేలకొండపల్లిలో పుట్టినవాడు. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో, అంటే 1672కూ 1687కూ మధ్య, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేశాడు. ఆయన భక్తిని గురించి చెప్పగలిగినవాళ్లు ఎందరో ఉన్నారు. నేను చెప్పదలచింది ఆయన ఉద్యోగం గురించి. ఆయన చేతిలో గంటం రోజంతా రాసేది శిస్తు లెక్కలు. ఎవరి భూమి ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత. అర్జీలు విన్నవాడు, అర్జీలు తోసిపుచ్చినవాడు కూడా అయివుంటాడు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడన్న నేరం మీద గోలకొండలో ఖైదు చేస్తే, పన్నెండేళ్లు అంటుంది మన సంప్రదాయం, ఆ చీకటి కొట్లో ఏం చేశాడు? లెక్క చెప్పాడు!

ఇక్ష్వాకు కుల తిలకుణ్ణి పిలిచి పాడే ఆ ప్రసిద్ధమైన కీర్తన వినని తెలుగువాళ్లు ఉండరు. దాన్ని ఒకసారి ఆవర్జా పుస్తకం చదివినట్టు చదవండి. ఏ విగ్రహానికి ఏ నగ చేయించాడో, ఏ నగకు ఎంత పట్టిందో వరస పెట్టి చెబుతాడు. అది నూటికి నూరుపాళ్లు తహసీల్దారు లెక్క. ఉన్నట్టుండి లెక్క తెగిపోతుంది. ఇవన్నీ పెట్టుకుని ఊరేగుతున్నావే, నీకు ఎవరిచ్చారయ్యా అని దేవుణ్ణే నిలదీస్తాడు. అంతలోనే దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలుకుంటాడు. ఇంకో కీర్తనలో అర్జీ ఎవరి ద్వారా పంపితే పనవుతుందో తెలిసిన ఉద్యోగి లాగా సీతమ్మ తల్లిని పట్టుకుంటాడు, ఏకాంతంలో ఒక మాట చెప్పమంటాడు. లెక్కల పుస్తకంలో తిట్టుకు గడి ఉండదు. అర్జీలో ఏడుపుకు గడి ఉండదు. గోపన్న రెంటినీ తెచ్చి ఒకచోట కూర్చోబెట్టాడు. పాల్వంచ పరగణా జమాబందీ లెక్కల్లో ఆయన రాసిన అంకెలు ఈనాడు ఏ ఒక్కరికీ నోటికి రావు. ఆ నగల లెక్క మాత్రం ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి వస్తుంది.

గోపన్న కన్నా ముందు, భద్రగిరి మీద పుట్టలో విగ్రహాలను చూసి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిన ఆమె పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెం ఆమె ఊరని చెబుతారు. ఆమె ఒక్క అక్షరం రాయలేదు. ఆమె దేవుడితో ఏం మాట్లాడింది, ఏ మాటల్లో మాట్లాడింది? ఆ గుడి మెట్లు ఎక్కిన ప్రతిసారీ నాకు ఆ ఆలోచనే వస్తుంది.

లెక్కల పుస్తకం అన్నాను కనుక మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న ఖమ్మంలో ఒక మిర్చి అడ్తిలో గుమాస్తాగా జీవితమంతా పనిచేశాడు. చిట్టా రాసేవాడు, ఆవర్జా రాసేవాడు. సీజనులో ఇంటికి వస్తే స్నానం చేసేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు, చొక్కా దులిపితే చాలు ఇల్లంతా తుమ్ములు. గుండ్రటి దస్తూరీ, ముత్యాల్లాంటి అంకెలు. మాట తక్కువ మనిషి. నేను పదో తరగతి పాసైన రోజు ఫలితాల పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే, పేపరు చూసి, "ఊఁ" అని, మంచినీళ్లు అడిగి తాగి, వెళ్లి పడుకున్నాడు. నాన్నకు సంతోషం కలగలేదని ఏళ్ల తరబడి అనుకున్నాను. ఆడపిల్ల చదువు ఇంతటితో చాలని ఆయన మనసులో ఉందేమోనని కూడా అనుకున్నాను. అడవి అంచున ఉద్యోగం వచ్చినప్పుడు నేను అంత తొందరపడి వెళ్లిపోవడానికి ఆ "ఊఁ" కూడా ఒక కారణం.

నాన్న పోయిన కొన్నాళ్లకు, ఆ అడ్తి యజమాని కొడుకు అటక మీది పాత పుస్తకాలు తీయిస్తూ, "మీ నాన్నగారి చేతిరాతమ్మా, ఉంచుకుంటారా?" అని ఒక ఆవర్జా ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పేజీలు తిప్పుతున్నాను. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, కమీషను, కొట్టివేత. ఎక్కడా గీత దాటని మనిషి. ఒక పేజీలో, 42 బస్తాల లెక్క పక్కన, అంచున ఉన్న ఖాళీలో, చీమల బారు లాంటి అక్షరాలతో "పెద్దది టెన్తు ప్యాసయింది" అని ఉంది.

అంతే. తేదీ నా ఫలితాలు వచ్చిన మర్నాడు.

యజమాని చూస్తే ఏమనుకుంటాడో అన్న భయంతోనే రాసివుంటాడు, అంత చిన్న అక్షరాలు. అయినా రాయకుండా ఉండలేకపోయాడు. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నేను రాస్తున్నది కొత్తగా ఎక్కడా నేర్చుకున్నది కాదని, ఆ అంచు నుంచే వచ్చిందని ఆ రోజు తెలిసింది.

రాయడానికి గొప్ప కారణాలు ఉన్నవాళ్లు ఉన్నారు. ఖమ్మం బడిలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్యులు నిజాం జైల్లో బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాశారు. 1949లో "అగ్నిధార" పుస్తకంగా వచ్చేనాటికి ఆ కారణం ఏమిటో తెలంగాణ మొత్తానికి తెలుసు. మన దేశంలోనే, బీహారులోని మోతిహారిలో పుట్టిన ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో ఇదే ప్రశ్న వేసుకుని నాలుగు కారణాలు చెప్పాడు. పేరు మీద ఆశ, మాట అందం మీద మక్కువ, ఉన్నదాన్ని ఉన్నట్టు దాచిపెట్టాలన్న తపన, లోకాన్ని ఒక వైపుకు నడపాలన్న ఉద్దేశం. నాలుగూ నాలో ఉన్నాయేమోనని వెతుక్కున్నాను. మొదటిది వరద నీళ్లలో చాలావరకు పోయింది. మూడోది ఉంది. కానీ దాచిపెట్టడం అన్న మాట నాకు పూర్తిగా సరిపోదు. దానికి కారణం ఒక పిల్లవాడు.

రెండో తరగతిలో వాడు నోరు విప్పేవాడు కాదు. ఒకరోజు పాఠంలో ఏరు వచ్చింది. కిటికీలోంచి మా ఊరి వాగు కనబడుతూనే ఉంటుంది. "ఏరు ఎక్కడుందిరా, చూపించు" అన్నాను. వాడు లేచి మూలన ఉన్న మంచినీళ్ల కుండ వైపు చెయ్యి చూపించాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నిలబెట్టాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాడు. ఆ రాత్రి అలవాటు ప్రకారం ఆ రోజు సంగతులు రాసుకుంటూ "కుండ వైపు చూపించాడు" అని రాశాను. పెన్సిలు అక్కడ ఆగిపోయింది. పొద్దున నోటితో కసిరేటప్పుడు నాకు అనుమానం రాలేదు. రాసిన వాక్యం ముందుంటే మాత్రం, ఎందుకు చూపించాడు అని అది నన్ను అడుగుతున్నట్టే ఉంది. లేచి వెళ్లి వంట చేసే ఆమెను అడిగాను. ఆమె నవ్వి, "ఏరంటే నీళ్లే గదమ్మా. పిల్లగాడు సరిగ్గానే చూపించిండు" అంది.

కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. నా తెలుగులో వాగు, వాడి భాషలో కుండలో ఉన్నది. వాడు చెప్పినది సరైన జవాబు. మర్నాడు వాడి దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. వాడు ఏమీ అనలేదు. కానీ ఆ వారంలో మొదటిసారి తనంతట తానే నన్ను ఒక మాట అడిగాడు.

వంట చేసే ఆమె ఎందుకు రాస్తున్నవని అడిగిందే, దానికి జవాబు ఆమె నోటి నుంచే నాకు దొరికింది. రాయకపోయి ఉంటే నేను ఆ రాత్రి లేచి ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని కాదు. రాత నాకు ఇచ్చినది ఇదే. పగటి పూట నేను తొందరలో వేసిన తీర్పు రాత్రి వాక్యంలో పెడితే నిలబడేది కాదు. ఇంట్లో మాటా మాటా వచ్చిన రోజున, బడిలో తోటి టీచరు మీద కోపం వచ్చిన రోజున, రాసి చూసుకుంటే నాకు తెలియని భాగం ఎంతో బయటపడేది. మర్నాడు వెళ్లి అడగవలసి వచ్చేది. కొన్నిసార్లు మన్నించమని అడగవలసి వచ్చేది. భర్త పోయిన ఏడాది నేను ఏడవలేక, ఆయన రోజూ చేసే పనులు ఒక్కొక్కటే రాశాను. గొళ్లెం ఎట్లా పెట్టేవాడు, చేపల పులుసులో చింతపండు ఎంత వేయమనేవాడు. ఆ పుస్తకం అచ్చుకు ఇచ్చేది కాదు. అది లేకపోతే ఆ ఏడాది నేను ఎట్లా గడిపేదాన్నో తెలియదు.

రాతే గొప్పది, మాట చిన్నది అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. అడవిలో ఉన్నవాళ్లు ఎవరూ అట్లా అనుకోలేరు. కోయల్లో డోలీలు ఉన్నారు. ఇలవేల్పుల చరిత్ర, గట్టు అనే ప్రతి గోత్ర విభాగంలోని వంశాల కథ వాళ్ల నోటిలో ఉంటుంది. పడిగె అని బొమ్మలున్న పొడుగాటి గుడ్డ ఉంటుంది. దాన్ని విప్పి, డోలు కొడుతూ, కంచు తాళం వేస్తూ రాత్రంతా చెబుతారు. మణుగూరు మండలం కూనవరం ఊరి సకిని రామచంద్రయ్య గారికి ఆ విద్యకే 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్ద రాజు కథ ఆయన గొంతులో విన్నవాళ్లు అదృష్టవంతులు. 2024 జూన్‌లో ఆయన పోయారు. రికార్డు చేసినది కొంత ఉంటుంది. ఆయన ఏ ఊళ్లో, ఎవరి ముంగిట, ఎవరిని చూసి ఏ మాట మార్చి చెప్పేవారో, అది మాత్రం ఆయనతోనే వెళ్లింది. ఆ వార్త విన్న రోజున నా నోటుపుస్తకాలు ఎంత చిన్నవో నాకు తెలిసివచ్చింది. అందుకే మానేయాలని మాత్రం అనిపించలేదు. ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువమంది దగ్గర కూర్చోవాలనిపించింది.

ఆ నోటిమాటకు చట్టంలోనూ చోటు దొరికిన సందర్భం ఒకటుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలు 2008 జనవరి 1న వచ్చాయి. 13వ నియమంలో, ఏవి సాక్ష్యంగా పనికొస్తాయో చెబుతూ, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అది కూడా సాక్ష్యమేనని ఉంది. అది చదివిన రోజు నేను మా బడి వరండాలో నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. ఎన్ని తరాలు ఆ మాటకు విలువ లేదన్నారో! అడవి భూమి మీద హక్కు కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే అది సాగులో ఉందని చూపాలి. కాగితం ఎవరి దగ్గరుంది? మాట ఉంది. ఆ నెలల్లో గ్రామసభల దగ్గర పెద్దల మాటలు రాసిపెట్టే పని నాకు దొరికింది. నా జీవితంలో నేను ఇష్టంగా చేసిన పని ఏదంటే ఇదే అంటాను.

ఒక తాత పక్క చేను గురించి సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. ఫారంలో నాలుగు గీతల చోటు. ఆయన పొద్దుగూకాక మొదలుపెట్టాడు. ఆ చేను కొట్టినప్పుడు ఎవరెవరు గొడ్డళ్లు పట్టారు, ఏ చెట్టును నరకకుండా వదిలారు, ఎందుకు వదిలారు, ఆ చెట్టు కింద ఏ దేవతను పెట్టుకున్నారు, ఏ ఏడు జొన్న పండింది, ఏ ఏడు పందులు తినిపోయాయి, చేను గట్టున వేసిన చింత మొక్క ఎవరి కూతురు పుట్టిన ఏడాదిది. కొంత తెలుగులో, ఎక్కువ కోయలో. నాకు తెలియని మాట వస్తే ఆగి మళ్లీ చెప్పమనేదాన్ని. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. నడిరేయి దాటింది. ఫారంలో నాలుగు గీతలు నింపాను, వేలిముద్ర వేయించాను. మిగిలిందంతా నోటుపుస్తకంలో పదకొండు పేజీలు వచ్చింది.

తాత ఇప్పుడు లేడు. మొన్న చలికాలంలో ఆయన మనవరాలు భద్రాచలంలో నేనుంటున్న ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసి చిన్న తరగతులు వాళ్ల వాళ్ల భాషలోనే చెప్పించిన కాలంలో బడికి వెళ్లిన పిల్ల, కోయను తెలుగు అక్షరాల్లో చదవడం వచ్చు. "టీచరమ్మా, మా తాత చెప్పింది ఏదో నీ దగ్గర రాసి ఉందట గదా" అంది. పుస్తకం తీసి ఇచ్చాను. పెన్సిలు గీతలు కొంచెం మసకబారాయి, అయినా తెలుస్తున్నాయి. కిటికీ దగ్గర కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. మూడో పేజీలో ఆగింది. ఒక కోయ మాటను రెండు మూడుసార్లు గొణుక్కుని, "ఇది ఇట్లా కాదు" అంది.

ఆ భాషలో గొంతు దగ్గర చటుక్కున ఆగిపోయే ఒక శబ్దం ఉంది. మన అక్షరాల్లో దానికి గుర్తు లేదు. నేను అప్పట్లో వినబడినంత మటుకు రాసి ఊరుకున్నాను.

"తాత ఇక్కడ ఆపేటోడు" అంది ఆ పిల్ల. బల్ల మీది పెన్సిలు తీసుకుంది. నా మాటను కొట్టేసి, పైన ఉన్న ఖాళీలో మళ్లీ రాసి, గొంతు ఆగవలసిన చోట రెండు అక్షరాల నడుమ ఒక చిన్న గీత పెట్టింది. పైకి చదివి చూసుకుంది. తలూపి, మళ్లీ మొదటి పేజీకి తిప్పి, ఈసారి పెన్సిలు చేతిలోనే ఉంచుకుని చదవడం మొదలుపెట్టింది.